ఇంటర్‌ఫేస్ ఉందా, ఫైల్ ఎక్కడుంది: టెస్టుల్లో ఈ రెండు హెల్పర్లు ఎలా రాసుకోవాలి

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. లినక్స్ మీద నడిచే ఒక నెట్‌వర్క్ సర్వీసుకి పైథాన్‌లో, పైటెస్ట్ అనే టెస్టింగ్ టూల్ వాడి టెస్టులు రాశారు. వాటికి సాయపడే రెండు చిన్న ఫంక్షన్లు, అంటే హెల్పర్లు, ఉన్నాయి. ఒకటి, ఫలానా పేరుతో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ (మెషీన్‌ని నెట్‌వర్క్‌కి కలిపే కార్డు లాంటిది) ఉందో లేదో చూసి ట్రూ, ఫాల్స్ చెబుతుంది. రెండోది, టెస్టుకి కావలసిన ఫైల్‌ని రిపాజిటరీ (ప్రాజెక్ట్ కోడ్ ఉండే ఫోల్డర్) అంతా వెతికి పాత్ ఇస్తుంది, దొరక్కపోతే ఖాళీ విలువ ఇస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో అన్నీ పాస్. సీఐలో, అంటే కోడ్ మారినప్పుడల్లా టెస్టుల్ని తనంతట తానే నడిపే వ్యవస్థలో, మాత్రం ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్, కొన్ని టెస్టులు అసలు నడుస్తున్నాయో లేదో కూడా అర్థం కావడం లేదు. ఈ హెల్పర్లని ఎలా మార్చాలి అని అడిగారు.

రెండూ వేర్వేరు పనులు చేస్తున్నా తేడా కొడుతున్నది ఒక్క చోటే. అడిగినది లేకపోవడం, ఇంకా రాకపోవడం, ఉన్నా పనికిరాకపోవడం: ఇవి మూడు వేర్వేరు సంగతులు. ఇంటర్‌ఫేస్ ఆ మెషీన్‌లో లేకపోతే టెస్ట్ స్కిప్ కావచ్చు. ఇంకా రాకపోతే కాసేపు ఆగి మళ్లీ చూడాలి. వచ్చి కూడా పనికిరాకపోతే ఫెయిల్ కావాలి, ఎందుకు ఫెయిలయిందో చెప్పి మరీ. మీ హెల్పర్లు ఈ మూడింటినీ ఒకే జవాబులో కలిపేస్తున్నాయి. అందుకే వాటిని పిలిచిన టెస్ట్ ఒక్కోసారి ఒక్కోలా ప్రవర్తిస్తోంది.

ముందు ఇంటర్‌ఫేస్ సంగతి చూద్దాం. మీ టెస్టుల్లో 'ఈత్0' అనే పేరు, అంటే మొదటి ఈథర్‌నెట్ కార్డుకి లినక్స్‌లో పాత పేరు, నేరుగా రాసి ఉంది. లినక్స్ లేచేటప్పుడు సర్వీసుల్ని నడిపించే ప్రోగ్రాము సిస్టమ్‌డీ. 2013 జనవరిలో వచ్చిన దాని 197 వెర్షన్ నుంచి చాలా డిస్ట్రిబ్యూషన్లలో ఆ పేరు పోయింది. కార్డు ఏ స్లాట్‌లో ఉందో దాన్ని బట్టి 'ఈఎన్‌పీ3ఎస్0', 'ఈఎన్ఎస్33' లాంటి పేర్లు వస్తున్నాయి. డాకర్ కంటెయినర్ (ప్రోగ్రాముని మిగతా మెషీన్ నుంచి వేరు చేసి నడిపే పెట్టె లాంటిది) లోపల మాత్రం ఈత్0 ఇప్పటికీ కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ పేరు పెట్టేది డాకరే. అంటే కంటెయినర్‌లో నడిపితే పాస్, అదే టెస్ట్ వర్చువల్ మెషీన్‌లో నేరుగా నడిపితే ఫెయిల్. మీ సీఐలో రెండు రకాల రన్నర్లు (టెస్టులు నడిపే మెషీన్లు) ఉన్నాయన్నారు కాబట్టి, సగం గొడవ ఇక్కడే ఉండి ఉంటుంది. టీమ్‌లో ఎవరైనా మ్యాక్ వాడితే అక్కడ లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్) పేరు కూడా 'ఎల్ఓ' కాదు, 'ఎల్ఓ0'.

ఆ టెస్టులకి నిజంగా ఈత్0 కావాలా? ఒక్కొక్కటీ తెరిచి చూడండి. చాలావాటికి కావలసింది వినడానికి ఒక అడ్రస్, అంతే. దానికి లూప్‌బ్యాక్ అడ్రస్ 127.0.0.1 మీద పోర్ట్ 0 అడిగితే ఖాళీగా ఉన్న పోర్ట్‌ని లినక్స్ మూల ప్రోగ్రామైన కెర్నలే ఇస్తుంది, ఇంటర్‌ఫేస్ పేరుతో పనే లేదు. కొన్నింటికి ఐపీవీ6 (కొత్త రకం, పొడవైన ఐపీ అడ్రస్‌లు) కావాలి. కొన్నింటికి బయటికి దారి ఉన్న ఇంటర్‌ఫేస్ కావాలి. మల్టీకాస్ట్ (ఒకే ప్యాకెట్ ఒకేసారి చాలామందికి పంపడం) చేయగల ఇంటర్‌ఫేస్ కావలసినవి ఏవో ఒకటి రెండు ఉంటాయి. హెల్పర్ ఆ అవసరాన్ని అడగాలి, పేరుని కాదు. గో భాష వాళ్ల నెట్‌టెస్ట్ ప్యాకేజీ ఇలాగే ఉంటుంది. అందులో రూటెడ్‌ఇంటర్‌ఫేస్ అనే ఫంక్షన్‌కి ఏ రకం నెట్‌వర్క్, ఏ ఫ్లాగులు (అప్, మల్టీకాస్ట్ లాంటి గుణాలు) అని చెబితే సరిపోయే ఇంటర్‌ఫేస్‌ని అదే వెతికిస్తుంది. సపోర్ట్స్‌ఐపీవీ6 అని ఇంకో ఫంక్షన్ విడిగా ఉంటుంది.

ఐపీవీ6 గురించి ఒక్కమాట ఎక్కువే చెప్పాలి. పైథాన్‌లో నెట్‌వర్క్ కనెక్షన్లు చూసుకునే సాకెట్ మాడ్యూల్‌లో 'హ్యాజ్ ఐపీవీ6' అనే విలువ ఉంటుంది. దాన్ని చూసి ఐపీవీ6 పనిచేస్తుందని అనుకునేవాళ్లు చాలామంది. ఆ విలువ చెప్పేది ఆ పైథాన్‌ని ఐపీవీ6 సపోర్టుతో కంపైల్ చేశారని మాత్రమే. కంటెయినర్‌లో ఐపీవీ6 ఆపేసి ఉన్నా అది ట్రూ అనే చెబుతుంది. పైథాన్ సొంత టెస్టుల్లో వాడే సాకెట్ హెల్పర్ ఏం చేస్తుందో చూడండి: ముందు ఆ విలువ చూస్తుంది, తర్వాత నిజంగా ఒక ఐపీవీ6 సాకెట్ తెరిచి ::1 అనే ఐపీవీ6 లూప్‌బ్యాక్ అడ్రస్ మీద, పోర్ట్ 0 తో బైండ్ చేసి (ఆ సాకెట్‌ని ఆ అడ్రస్‌కి కట్టి) చూస్తుంది. బైండ్ అయితేనే ఉన్నట్టు. హెల్పర్ రాయడానికి ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. టెస్ట్ చేయబోయే పనినే చిన్నగా ముందు చేసి చూడడం.

బయటికి దారి ఉందా అనేది కూడా ఇలాగే తేల్చొచ్చు. ఒక యూడీపీ (ముందు కనెక్షన్ పెట్టుకోకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) సాకెట్ తీసుకుని 192.0.2.1 కి కనెక్ట్ చేయండి. ఆ అడ్రస్ డాక్యుమెంటేషన్ కోసం కేటాయించిన శ్రేణిలోది, అక్కడ ఎవరూ ఉండరు. యూడీపీలో కనెక్ట్ అంటే ప్యాకెట్ ఏదీ బయటికి పోదు, కెర్నల్ తన రూటింగ్ టేబుల్ చూసి ఏ సొంత అడ్రస్ నుంచి పంపాలో నిర్ణయించుకుంటుంది, అంతే. తర్వాత ఆ సాకెట్ సొంత అడ్రస్ అడిగితే మీకు కావలసింది దొరుకుతుంది. దారి లేకపోతే నెట్‌వర్క్ అన్‌రీచబుల్ అనే ఎర్రర్ వస్తుంది, దాన్ని 'లేదు' కింద లెక్కేయొచ్చు. ఇందుకోసం గూగుల్ డీఎన్ఎస్‌కి పింగ్ కొట్టే హెల్పర్లు చాలా చోట్ల కనిపిస్తాయి. పింగ్‌ని అడ్డుకునే ఆఫీసు నెట్‌వర్క్‌లో అవి అబద్ధం చెబుతాయి.

ఇంక పేరుతోనే పని ఉన్న టెస్టులు మిగులుతాయి. అక్కడ మీరు ఇంటర్‌ఫేసుల వివరాలు చూపే ఐపీ కమాండ్ అవుట్‌పుట్‌లో ఆ పేరు ఉందేమో అని వెతుకుతున్నారు. ఇందులో రెండు గోతులున్నాయి. 'ఈత్1' కోసం వెతికితే 'ఈత్10' దగ్గర కూడా దొరికినట్టే ఉంటుంది. దీన్ని తప్పించాలని లైన్‌ని కోలన్ దగ్గర విరిచి పేరు సరిగ్గా అదేనా అని పోలిస్తే, కంటెయినర్‌లో దెబ్బ తింటారు. అక్కడ ఇంటర్‌ఫేస్ ఒక వీఈత్ జంటలో (ఒకే తీగకి రెండు కొసల్లాంటి రెండు ఇంటర్‌ఫేసులు) సగం కాబట్టి పేరు 'ఈత్0' అని ఊరుకోదు, ఆ పేరు తర్వాత ఒక ఎట్ గుర్తు, దాని వెనక 'ఇఫ్12' లాంటి తోక కలిపి చూపిస్తుంది. ఆ తోక పేరులో భాగం కాదు. మనుషులు చదవడానికి ఇచ్చిన అవుట్‌పుట్‌ని ప్రోగ్రాముతో చదివిస్తే ఇలాగే ఉంటుంది. ఐపీ కమాండ్‌కి ప్రోగ్రాములు సులువుగా చదవగల జేసన్ రూపంలో ఇమ్మని చెప్పే ఆప్షన్ ఉంది, అది వాడండి. ఉత్త పేర్లే చాలనుకుంటే పైథాన్ సాకెట్ మాడ్యూల్‌లోని ఇఫ్‌నేమ్‌ఇండెక్స్ ఫంక్షన్ ఏ కమాండూ లేకుండానే జాబితా ఇస్తుంది. ఇఫ్‌కాన్ఫిగ్ అనే పాత కమాండ్ మీద మాత్రం ఆధారపడొద్దు, చిన్న కంటెయినర్ ఇమేజ్‌లు చాలావాటిలో అది ఉండదు.

టెస్ట్ తనే ఇంటర్‌ఫేస్ సృష్టిస్తే పేరు పొడవు చూసుకోండి. లినక్స్‌లో ఆ పేరుకి చోటు 16 బైట్లు, చివరి సున్నా పోను మిగిలేది 15. టెస్ట్ ఫంక్షన్ పేరునే ఇంటర్‌ఫేస్‌కి పెట్టాలని చూస్తే మొదటి రోజే ఆ హద్దు తగులుతుంది.

'ఉంది' అని తేలాక, 'పనిచేస్తోందా' అనేది వేరే ప్రశ్న. కెర్నల్ తన వివరాల్ని ఫైళ్లలా చూపించే సిస్‌ఎఫ్ఎస్‌లో ప్రతి ఇంటర్‌ఫేస్‌కీ ఆపర్‌స్టేట్ అనే ఫైల్ ఉంటుంది. అందులో 'అప్' అని ఉంటేనే పనిచేస్తున్నట్టు అని మీ హెల్పర్ అనుకుంటోంది. లూప్‌బ్యాక్‌లో అది ఎప్పుడూ 'అన్‌నోన్' అని ఉంటుంది. డమ్మీ ఇంటర్‌ఫేస్ (వెనక కార్డేమీ లేని ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్) లేపినా అంతే. అంటే టెస్టులకి ఎక్కువగా వాడే రెండు రకాలనీ మీ హెల్పర్ చచ్చినట్టు లెక్కేస్తోంది. పక్కనే లింక్ కలిసి ఉందో లేదో చెప్పే క్యారియర్ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని చదువుదామంటే ఇంటర్‌ఫేస్ డౌన్‌లో ఉన్నప్పుడు చదవడమే కుదరదు, ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అంటుంది. ఆ ఎర్రర్‌ని ఎక్కడో పైన పట్టుకుని ఫాల్స్ ఇచ్చేస్తే, డౌన్‌లో ఉన్న ఇంటర్‌ఫేస్ కాస్తా లేని ఇంటర్‌ఫేస్‌గా మారిపోతుంది. ఫ్లాగుల్లో అప్ ఉందా అన్నది చూడండి, ఆపర్‌స్టేట్ 'డౌన్' అయితే ఫెయిల్ చేయండి, 'అన్‌నోన్' అయితే పోనివ్వండి.

ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అన్నారే, అది ఎక్కువగా 'ఇంకా రాలేదు' రకం. ఐపీవీ6 అడ్రస్ కొత్తగా పెట్టగానే ఆ అడ్రస్ వేరెవరి దగ్గరైనా ఉందేమో అని కెర్నల్ లింక్ మీద అడిగి చూస్తుంది. మామూలు సెట్టింగుల్లో దానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో అడ్రస్ జాబితాలో కనిపిస్తుంది, పక్కన 'టెంటేటివ్' అనే గుర్తుతో. మీ హెల్పర్ జాబితా చూసి ఉందంటుంది, టెస్ట్ వెళ్లి బైండ్ చేయబోతే ఆ అడ్రస్ కుదరదని ఎర్రర్ వస్తుంది. సీఐ మెషీన్ మెల్లిగా నడిచిన రోజు ఈలోగా సెకను గడిచిపోతుంది, టెస్ట్ పాస్. వేగంగా నడిచిన రోజు ఫెయిల్. మెషీన్ స్పీడు పెరిగితే టెస్టులు ఫెయిలవడం చూసి జుట్టు పీక్కునేది ఇలాంటి చోటే. టెస్ట్ కోసం మీరే పెట్టే అడ్రస్ అయితే ఆ తనిఖీ వద్దని చెప్పే 'నోడాడ్' అనే మాటని అడ్రస్ పెట్టే ఐపీ కమాండ్ చివర జోడిస్తే సరి. వేరొకరు పెట్టేదైతే టెంటేటివ్ పోయేదాకా ఆగాలి.

ఆగడం అంటే గుడ్డిగా రెండు సెకన్లు ఆపే స్లీప్ 2 అని రాయడం కాదు. లినక్స్ కెర్నల్ సొంత నెట్‌వర్క్ టెస్టుల ఉమ్మడి స్క్రిప్టులో బిజీవెయిట్, స్లోవెయిట్ అని రెండు చిన్న ఫంక్షన్లుంటాయి. గడువు ఎంత, ఏ షరతు అని ఇస్తే షరతు నిజమయ్యేదాకా మళ్లీ మళ్లీ చూస్తాయి, గడువు దాటితే ఫెయిల్. మీరూ ఒకటి రాసుకోండి. గడువుని మోనోటోనిక్ క్లాక్‌తో (ఎప్పుడూ వెనక్కి పోని గడియారం) కొలవండి, గడువు అయిపోయినప్పుడు చివరిసారి చూసిన స్థితి ఏమిటో ఎర్రర్‌లో రాయండి. "5 సెకన్లు చూశాం, అడ్రస్ ఇంకా టెంటేటివ్‌లోనే ఉంది" అన్న ఒక్క లైను రాత్రి పదకొండింటికి సీఐ లాగ్ చదివేవాడికి ఎంత మేలు చేస్తుందో చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా మంచిది, మెషీన్‌లో ఉన్నదాన్ని వెతకడం మానేసి టెస్టుకి సొంత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (మెషీన్ లోపలే విడిగా ఉండే నెట్‌వర్క్) కట్టి ఇవ్వడం. అందులో డమ్మీ ఇంటర్‌ఫేసో, వీఈత్ జంటో మీకు నచ్చిన పేరుతో పెట్టుకోవచ్చు, ఈత్0 అని పెట్టినా అడిగేవాడు లేడు. ఒక్కటే గుర్తుంచుకోండి: కొత్త నేమ్‌స్పేస్‌లో లూప్‌బ్యాక్ కూడా డౌన్‌లోనే పుడుతుంది. దాన్ని లేపకుండా 127.0.0.1 కి కనెక్ట్ చేస్తే నెట్‌వర్క్ అన్‌రీచబుల్ అని వస్తుంది, చూసినవాడికి మతిపోతుంది. దీనికి అడ్మిన్ హక్కులు కావాలి. రూట్ (అడ్మిన్ యూజర్) లేకుండా, తన లోపల మాత్రం ఆ హక్కులిచ్చే యూజర్ నేమ్‌స్పేస్ దారిలో వెళ్లొచ్చు కానీ, ఉబుంటు 24.04 నుంచి డిఫాల్ట్‌గానే దాని మీద ఆంక్షలున్నాయి. కాబట్టి హక్కులు ఉన్నాయా లేవా అన్నది కూడా ముందే చేసి చూడాల్సిన సంగతే.

స్కిప్ గురించి నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో స్కిప్ మర్యాద, సీఐలో స్కిప్ మోసం. ఐపీవీ6 లేని రన్నర్‌కి మారిన రోజున ఐపీవీ6 టెస్టులన్నీ చడీచప్పుడు లేకుండా ఆగిపోతాయి, బిల్డ్ మాత్రం పచ్చగా ఉంటుంది. పైథాన్ వాళ్లు తమ టెస్టుల్లో బయటి నెట్‌వర్క్ కావలసినవాటిని 'నెట్‌వర్క్' అనే వనరు కింద పెట్టారు. నడిపేవాడు ఆ వనరు ఉందని చెబితేనే అవి నడుస్తాయి. మీరు ఇదే ఇంకొంచెం ముందుకి తీసుకెళ్లండి: సీఐలో ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి, అందులో 'ఇక్కడ ఐపీవీ6 ఉంది, నేమ్‌స్పేస్ హక్కులున్నాయి' అని రాయండి. అందులో రాసింది హెల్పర్‌కి దొరక్కపోతే స్కిప్ కాదు, ఫెయిల్. రాయనిది దొరక్కపోతే స్కిప్. స్కిప్ కారణాలు రిపోర్టులో కనిపించేలా పైటెస్ట్‌కి చెప్పడానికి ఆప్షన్ ఉంది, సీఐలో అది ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి.

ఇప్పుడు ఫైళ్లు. ఇక్కడ 'లేదు' అంటే స్కిప్ అనే ప్రశ్నే లేదు. టెస్టుకి కావలసిన ఫైల్ రిపాజిటరీలో ఉండాలి. లేదంటే ఎవరో కమిట్ చేయడం మర్చిపోయారు, లేదా గిట్ ఏ ఫైళ్లని వదిలేయాలో చెప్పే గిట్‌ఇగ్నోర్‌లో ఏదో లైను దాన్ని మింగేసింది. ఫెయిల్ చేయాలి.

పైథాన్ టెస్టుల్లో ఫైండ్‌ఫైల్ అనే పాత హెల్పర్ ఉంది. ఇచ్చిన పేరుని టెస్టుల డైరెక్టరీలో, ఆ తర్వాత పైథాన్ మాడ్యూళ్లు వెతికే దారులన్నింటిలో చూస్తుంది. ఎక్కడా దొరక్కపోతే మీరిచ్చిన పేరునే తిరిగి ఇచ్చేస్తుంది. అది కూడా ఒక పాత్ అయ్యుండొచ్చు కదా అని వాళ్ల తర్కం. వాళ్లకి అది చెల్లింది. మీరు ఆ పద్ధతి తీసుకోవద్దు. దొరకలేదన్న సంగతి వెతికిన చోట బయటపడాలి. ఎక్కడో మూడు ఫంక్షన్ల అవతల ఫైల్ తెరిచేటప్పుడు బయటపడితే ఎక్కడెక్కడ వెతికారో అప్పటికి ఎవరికీ తెలియదు. మీ హెల్పర్ దొరకనప్పుడు ఎక్సెప్షన్ ఇవ్వాలి, అందులో చూసిన ప్రతి చోటూ, అప్పటి వర్కింగ్ డైరెక్టరీ (ప్రోగ్రాము ఏ ఫోల్డర్‌లో నడుస్తోందో అది) రెండూ ఉండాలి.

వర్కింగ్ డైరెక్టరీ మీద నమ్మకం పెట్టుకోకండి. గోలో టెస్ట్ ఎప్పుడూ తన ప్యాకేజీ డైరెక్టరీలోనే నడుస్తుంది, పక్కన టెస్ట్‌డేటా అనే ఫోల్డర్ పెట్టుకుంటే చాలు. పైటెస్ట్‌లో అలా లేదు, మీరు ఎక్కడ నిలబడి నడిపితే అదే. టెస్ట్ ఫైల్ ఉన్న చోటునుంచి లెక్కపెట్టి వెళ్లండి, డేటా దాని పక్కనే ఉంచండి. రిపాజిటరీ మొదలు (అన్నిటికన్నా పై ఫోల్డర్) కావలసి వస్తే పైకి ఎక్కుతూ ఒక గుర్తు కోసం వెతకాలి. మీరు గిట్ తన వివరాలు దాచుకునే డాట్‌గిట్ డైరెక్టరీని గుర్తుగా పెట్టుకున్నారు. గిట్ వర్క్‌ట్రీలో (అదే రిపాజిటరీకి పక్కన తెరిచిన ఇంకో ఫోల్డర్) అది డైరెక్టరీ కాదు, మామూలు ఫైల్. డైరెక్టరీయేనా అని చూసే మీ కోడ్ దాన్ని దాటి పైకి వెళ్లిపోతుంది. కంటెయినర్ ఇమేజ్‌లోకి కాపీ చేసేటప్పుడు చాలామంది డాట్‌గిట్‌ని వదిలేస్తారు కూడా. పైథాన్ ప్రాజెక్ట్ సెట్టింగులుండే పైప్రాజెక్ట్ టామల్ ఫైల్ మెరుగైన గుర్తు.

రిపాజిటరీ మొత్తం గాలించి మొదట దొరికినదాన్ని ఇవ్వడం మాత్రం పూర్తిగా తీసేయండి. డైరెక్టరీలో ఫైళ్లు ఏ వరసలో వస్తాయన్నదానికి హామీ లేదు, ఫైల్ సిస్టమ్ మారితే వరస మారుతుంది. బిల్డ్ ఫోల్డర్‌లో అదే పేరుతో పాత కాపీ ఉంటే మీ ల్యాప్‌టాప్‌లో ఒకటి, సీఐలో ఇంకొకటి దొరుకుతుంది. వెతకక తప్పదంటే అన్నీ ఏరి, సార్ట్ చేసి, రెండు దొరికితే రెండు పాత్‌లూ చూపించి ఫెయిల్ చేయండి.

పేర్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా మ్యాక్‌లో డిఫాల్ట్‌గా పట్టించుకోరు, లినక్స్‌లో పట్టించుకుంటారు, ఇది అందరికీ తెలిసిందే. తెలుగు పేర్లతో ఫైళ్లు పెట్టి టెస్ట్ చేసేవాళ్లకి ఇంకోటి ఉంది. యూనికోడ్‌లో ఐత్వం ఒకే కోడ్ పాయింట్‌గానూ ఉంటుంది, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చిన రెండు కోడ్ పాయింట్లుగానూ ఉంటుంది. 'తైలం' అని కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు లినక్స్‌కి రెండు వేర్వేరు ఫైళ్లు. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లని విడదీసి దాచుకునేది, అక్కడినుంచి తెచ్చిన ఫైల్ ఇక్కడ దొరకదు. పోల్చే ముందు రెండు పేర్లనీ ఒకే నార్మలైజేషన్‌కి, అంటే ఒకే యూనికోడ్ రూపానికి, తెచ్చుకోండి. పేరు పొడవు కూడా చూసుకోండి: లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 లో హద్దు 255 బైట్లు, తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్‌కి యూటీఎఫ్-8 లో 3 బైట్లు, అంటే గుణింతపు గుర్తులతో కలిపి 85 కి మించవు.

'ఉంది కానీ పనికిరాదు' రకం ఫైళ్ల దగ్గరే ఎక్కువ. మీ ప్యాకెట్ క్యాప్చర్ ఫైళ్లు (నెట్‌వర్క్‌లో పోయిన ప్యాకెట్ల రికార్డులు) పెద్ద ఫైళ్లని విడిగా దాచే గిట్ ఎల్ఎఫ్ఎస్‌లో ఉన్నాయన్నారు. గిట్‌హబ్ వాళ్ల సీఐ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో, కోడ్‌ని దించే చెకౌట్ యాక్షన్ మనం చెప్పకపోతే ఎల్ఎఫ్ఎస్ ఫైళ్లని దించదు. వాటి స్థానంలో 'వెర్షన్' అనే మాటతో మొదలయ్యే మూడు లైన్ల చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. పాత్ ఉంది, సైజు సున్నా కాదు, మీ హెల్పర్ సంతోషంగా ఇచ్చేస్తుంది, పార్సర్ దగ్గరికొచ్చి కూలుతుంది. అందరూ పార్సర్‌ని అనుమానిస్తారు. మొదటి 4 బైట్లు చూడడం చవకైన పని. క్యాప్చర్ల కొత్త ఫార్మాట్ పీక్యాప్ ఎన్‌జీలో ఫైల్ 10, 13, 13, 10 అనే బైట్లతో మొదలవుతుంది. ఆ అంకెలు ఊరికే పెట్టలేదు. 10, 13 లైన్ ముగింపు గుర్తులు కాబట్టి, ఎవరైనా ఫైల్‌ని టెక్స్ట్ అనుకుని లైన్ ఎండింగులు మార్చేస్తే ఆ మొదటి బైట్లే చెడిపోయి దొరికిపోతుంది. పాత పీక్యాప్ అయితే మామూలు పీసీల్లో 212, 195, 178, 161. సరిపోకపోతే 'ఇది ఎల్ఎఫ్ఎస్ పాయింటర్‌లా ఉంది' అని ఎర్రర్‌లోనే రాసేయండి.

ఫైళ్లకీ 'ఇంకా రాలేదు' ఉంటుంది. మీ సర్వీసు లేచాక తన పోర్ట్ నంబరుని ఒక ఫైల్‌లో రాస్తుంది, టెస్ట్ ఆ ఫైల్ రాగానే చదువుతుంది. ఫైల్ పుట్టడానికీ అందులో అంకెలు పడడానికీ మధ్య సందు ఉంది. ఆ సందులో చదివితే ఖాళీ. సర్వీసు వేరే పేరుతో రాసి చివర్లో పేరు మార్చేలా చేయండి. ఒకే ఫైల్ సిస్టమ్‌లో పేరు మార్చడం ఒక్క దెబ్బన జరుగుతుంది, సగం రాసిన ఫైల్ ఎవరికీ కనిపించదు. యూనిక్స్ సాకెట్ (ఒకే మెషీన్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి, ఫైల్‌లా కనిపించే సాకెట్) ఫైల్ విషయంలో అదీ చాలదు. బైండ్ కాగానే ఫైల్ కనిపిస్తుంది, లిజన్ పిలిచేదాకా కనెక్షన్ రెఫ్యూజ్డ్. సర్వీసు కూలిపోయాక కూడా ఆ ఫైల్ అక్కడే పడి ఉంటుంది. కాబట్టి ఫైల్ ఉందా అని చూడకుండా కనెక్ట్ చేసి చూడండి. ఇంకో తలనొప్పి: లినక్స్‌లో ఆ సాకెట్ పాత్‌కి చోటు 108 బైట్లు, మ్యాక్‌లో 104. పైటెస్ట్ ఇచ్చే తాత్కాలిక డైరెక్టరీ పాత్ పొడుగ్గా ఉంటుంది, దాని కింద ఇంకో రెండు ఫోల్డర్లు పెడితే హద్దు దాటిపోతుంది. సాకెట్లకి మాత్రం చిన్న పాత్‌తో విడిగా తాత్కాలిక డైరెక్టరీ చేసుకోండి.

చివరిగా, ఈ హెల్పర్లకే టెస్టులు రాయాలా అని అడిగారు. రాయాలి, పెద్ద పని కూడా కాదు. ఇంటర్‌ఫేస్ హెల్పర్‌కి సిస్‌ఎఫ్ఎస్ ఎక్కడుందో, ఫైల్ హెల్పర్‌కి ఎక్కడినుంచి వెతకాలో ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి. తాత్కాలిక డైరెక్టరీలో ఒక్కో ఇంటర్‌ఫేస్‌కి ఒక్కో ఫోల్డర్ పెట్టి, అందులో ఆపర్‌స్టేట్ ఫైల్ రాసి, ఒకదాంట్లో 'అప్', ఒకదాంట్లో 'డౌన్', ఒకదాంట్లో 'అన్‌నోన్' పెట్టి చూడండి. వాటి పక్కన బాండింగ్ మాస్టర్స్ అనే పేరుతో మామూలు ఫైల్ ఒకటి కూడా పడేయండి. కొన్ని కార్డుల్ని కలిపి ఒకే ఇంటర్‌ఫేస్‌గా చూపే బాండింగ్ మాడ్యూల్ లోడయిన సర్వర్లలో నిజంగానే ఇంటర్‌ఫేసుల మధ్య ఆ ఫైల్ ఉంటుంది, అక్కడ కనిపించే ప్రతి పేరూ ఇంటర్‌ఫేసే అనుకునే కోడ్ దాన్ని కూడా ఇంటర్‌ఫేస్ అనుకుని లోపల ఆపర్‌స్టేట్ కోసం వెతుకుతుంది.